సోమేశ్వర్ ఎదుట కదలరాదు

సోమేశ్వర్ ఎదుట పడ్డ మనిషి కదలడానికి వీల్లేదు.

తాండూరులో కందిపప్పు, నాపరాళ్ళ వ్యాపారం చేసే వీరేశానికి ఈ సంగతి ఊరందరికంటే బాగా తెలుసు, ఎందుకంటే సోమేశ్వర్ ఆయనకు ఒక్కగానొక్క తమ్ముడు. దారిన పోయే మనిషి మీద సోమేశ్వర్ చూపు పడిందంటే "జర కదలకుండ కూసో" అంటాడు. చంకలో ఉన్న అట్టను మోకాలి మీద ఆనించుకుంటాడు. చెవి మీది పెన్సిలు తీస్తాడు. ఇక ఆ మనిషి ఆ పూటకు ఎవరికీ పనికిరాడు. కాసేపటికి మెడ తిమ్మిరెక్కి "అయిందా సారూ?" అని అడిగితే, తల ఎత్తకుండానే "ఇంక కాలే" అంటాడు. మళ్ళీ అడిగినా అదే మాట.

ఒకసారి వీరేశం స్టేషను దగ్గర బిచ్చయ్య దుకాణంలో గడ్డం చేయించుకుంటున్నాడు. ఒక చెంప అయింది, రెండో చెంపకు సబ్బు పట్టించాడు బిచ్చయ్య. అప్పుడే సోమేశ్వర్ లోపలికి వచ్చాడు. కాసేపు చూశాడు.

"బిచ్చయ్యా, జర కదలకుండ కూసో."

"ఏడ కూసోవాలె సారూ? ఉన్నదొక్కటే కుర్చీ."

సోమేశ్వర్ అన్న వైపు తిరిగాడు. "అన్నా, జర లే."

వీరేశం ఎందుకు లేచాడో ఆయనకే తెలియదు. తమ్ముడి గొంతులో అటువంటిదేదో ఉంటుంది. గడ్డం చేసేవాడు కుర్చీలో కాళ్ళు చాపుకొని కూర్చున్నాడు. చేయించుకునేవాడు ఒక చెంప నున్నగా, ఒక చెంప తెల్లగా గోడకు ఆనుకొని నిలబడ్డాడు. బజారులో పోయేవాళ్ళు తొంగి చూసి, దండం పెట్టాలో నవ్వాలో తెలియక రెండూ చేశారు.

"సబ్బు ఆరిపోతుందిరా."

"ఇంక కాలే అన్నా."

వీరేశం దుకాణంలోనూ ఇదే గోల. గూడ్సుబండికి బస్తాలు ఎక్కించే రోజున హమాలీ మత్తయ్యను పట్టుకున్నాడు. మత్తయ్య వీపు మీద కందిపప్పు బస్తా ఉంది. "అది దించి దాని మీదనే కూసో" అన్నాడు సోమేశ్వర్. మత్తయ్య కూర్చున్నాడు. బయట ఎడ్లబండి వాడు అరుస్తున్నాడు, స్టేషనులో గూడ్సు బాబు వాచీ చూసుకుంటున్నాడు, లోపల వీరేశం పరేషాన్ అవుతున్నాడు.

"బస్తా ఎత్తుకున్న మనిషిని గీసుకోరాదారా? బస్తా పోతుంటె గీసుకో. నా పనీ అయితది, నీ పనీ అయితది."

"కదిలితే గీత కుదరదన్నా."

తండ్రి పోయేనాటికి సోమేశ్వర్ పలకా బలపం వయసువాడు. వీరేశమే పెంచాడు. తనకు అచ్చిరాని చదువు తమ్ముడికి రావాలనీ, వాడు వకీలు కావాలనీ ఆయన కోరిక. పోలీసు యాక్షను జరిగిన కొన్నేళ్ళకు సోమేశ్వర్ మెట్రిక్ గట్టెక్కాడు. వీరేశం స్వయంగా రైలెక్కించి హైదరాబాదు పంపాడు. దసరా సెలవులకు తిరిగొచ్చినప్పుడు తమ్ముడి చొక్కా నిండా నీలం, పసుపు, ఎరుపు మరకలున్నాయి.

"పుస్తకాలేవిరా?" అన్నాడు వీరేశం.

"పుస్తకాలు లెవ్వన్నా. బొమ్మల కాలేజీల చేరిన. పట్టా ఇస్తరు. అయిదేండ్ల చదువు."

వీరేశం త్రాసు వదిలేశాడు. "బొమ్మలకు అయిదేండ్లా? మనిషిని ఉరి నుంచి తప్పించే వకీలుకే గన్నేండ్లు పట్టవు గదరా."

తల్లి కనకమ్మ కన్నడ సీమ నుంచి వచ్చిన కోడలు. మామూలుగా తెలుగే మాట్లాడేది గానీ కోపం వస్తే ఆమెకు కన్నడం వచ్చేది. ఆ రోజు చాలాసేపు కన్నడంలో మాట్లాడి, అలసిపోయాక తెలుగులో అడిగింది. "ఇప్పుడేం గీస్తున్నవ్ మరి?"

"ముక్కు."

"ఎవరి ముక్కు?"

"సున్నపు ముక్కు అమ్మా. పోతపోసి గోడకు తగిలించిండ్రు. మొదటి ఏడాది ముక్కు, చెవి, పెదవి. మనిషి మూడో ఏడాది వస్తడు."

ఆ తర్వాత బజారులో ఎవరైనా "మీ తమ్ముని చదువు ఎందాక వచ్చింది?" అని అడిగితే, వీరేశం దాచకుండా చెప్పేవాడు. "ముక్కయింది. చెవి నడుస్తుంది."

రెండో ఏడాది మట్టితో తలకాయలు చేయడం నేర్చుకున్నాడు. మూడో ఏడాది ఎముకల గూడును ముందు పెట్టుకొని గీస్తున్నానని చెప్పగానే కనకమ్మ వాణ్ణి బావి దగ్గరికి తోలి, తల మీద బిందెడు నీళ్ళు పోశాకే గడప తొక్కనిచ్చింది. వాడు ఊళ్ళో ఉన్న సెలవు దినాల్లో చేతిలో అట్ట ఉంటే ఆమె వాడి ఎదుటికి రావడమే మానేసింది. "నన్ను గీయకు. నా ఎముకలు నువ్వు లెక్కపెట్టే పని లేదు" అనేది.

నాలుగో ఏడాదిలో వికారాబాదు నుంచి సంబంధం వచ్చింది. వీరేశం భార్య రాధమ్మకు దూరపు చుట్టాలు. పిల్ల పేరు ఇంద్రమ్మ. పెళ్ళిచూపులకు అన్నదమ్ములూ రాధమ్మా రైలులో వెళ్ళారు. సోమేశ్వర్ చంకలో అట్ట చూసి వీరేశం దాన్ని స్టేషనులోనే దాచేయాలని చూశాడు గానీ కుదరలేదు.

పిల్లను కూర్చోబెట్టారు. పిల్ల తల్లి సత్యమ్మ వంటింటికీ వసారాకూ తిరుగుతూ ఉప్మా తెచ్చింది, లడ్డూలు తెచ్చింది, చాయ్ తెచ్చింది, మంచినీళ్ళు మరిచిపోయి మళ్ళీ వెళ్ళి తెచ్చింది. సోమేశ్వర్ కళ్ళు ఆమె వెంటే తిరుగుతున్నాయి.  వీరేశం భయపడ్డంతా అయింది. పెళ్ళికొడుకు లేచి, తన కుర్చీని సత్యమ్మ ముందుకు జరిపాడు.

"అత్తా, జర కదలకుండ కూసో."

 సత్యమ్మ భర్త ముఖం చూసింది, కుర్చీ వైపు చూసింది, కూర్చుంది. పెళ్ళికొడుకు నేల మీద చతికిలబడి గీయడం మొదలుపెట్టాడు. చాయ్ ఆమె చేతికే ఇచ్చి, "తాగు, గ్లాసు కూడ గీస్త" అన్నాడు. మిగిలిన వడ్డన పెళ్ళికూతురు చేయవలసి వచ్చింది.

పిల్ల తండ్రి మర్యాదస్థుడు. గట్టిగా ఏమీ అనలేదు. "పట్టా తెచ్చుకోనియ్యండ్రి, అప్పుడు చూద్దాం" అని మాత్రం అన్నాడు. అంటే సంబంధం పోయినట్టేనని వీరేశం అనుకున్నాడు. కానీ లోపలి గదిలో ఇంద్రమ్మ రాధమ్మ చెవిలో, "చేసుకుంటే ఈయన్నే చేసుకుంట" అందట.

రైలులో అది విని వీరేశం ముక్కు మీద వేలేసుకున్నాడు. "ఆ పిల్లకు కూడ జర తిక్క ఉన్నట్టుంది." తమ్ముడి వైపు తిరిగి, "పిల్లను చూసి రమ్మంటె పిల్ల తల్లిని చూసొచ్చినవ్ గదరా" అన్నాడు.

ఇక సోమేశ్వర్ పట్టా తెచ్చుకుంటేనే పెళ్ళి. పట్టా రావాలంటే చివరి ఏడాది పెద్ద రంగుల బొమ్మ ఒకటి వేసి చూపించాలి.

ఆ బొమ్మ ఇంటి దగ్గరే వేస్తానని వాడు ఎండాకాలం సెలవులకు తాండూరు వచ్చాడు. అప్పుడు రాధమ్మకు ఆరో నెల. అంతకు ముందు ఏడాది ఏడో నెలలో ఒక కడుపు పోయింది. పుట్టింట్లో తల్లి లేని పిల్ల కనుక ఈసారి పురుడు కూడా అత్తగారింట్లోనే. ఇంటి పని ఎప్పటిలాగే సాగుతూ ఉంది. కడుపుతో ఉన్నవాళ్ళు పని చేస్తేనే కాన్పు సులువని ఇరుగుపొరుగు అమ్మలక్కల మాట. కనకమ్మ తానూ అట్లాగే కన్నది. కోడలు పడుకొని ఉంటే వాళ్ళు ఏమంటారో ఆమెకు తెలుసు.

వచ్చిన మర్నాడే సోమేశ్వర్ ప్రకటించాడు. "పరీక్షకు ఇంటి పని చేసుకునే ఆడమనిషి బొమ్మ వెయ్యాలె. వదినె అయితేనే కుదురుతది."

"పని చేసుకునే మనిషి అంటివి. మరి చేసుకోనియ్యి. కూసోబెడుతవేంది?" అంది కనకమ్మ.

"పని చేసి కూసున్న మనిషమ్మా."

"ఎంతసేపు?"

"నీడ నిలిచినంతసేపు."

పరీక్ష మాట వచ్చేసరికి వీరేశం అడ్డం చెప్పలేకపోయాడు. మధ్యాహ్నం కాగానే వెనక వసారాలో చాప పరిచేవారు. రాధమ్మ గోడకు ఆనుకొని కూర్చునేది. సోమేశ్వర్ కర్రల స్టాండు మీద గుడ్డ బిగించి, రంగులు కలిపేవాడు. ఇల్లంతా అవిసె నూనె వాసన. పప్పు కొనడానికి వచ్చిన వాళ్ళు కూడా ముక్కులు మూసుకునేవాళ్ళు. బొమ్మ అయ్యేదాకా ఎవరూ చూడకూడదని షరతు. పని చేసే దేవమ్మ అటువైపు చీపురు తీసుకొని వచ్చినా కసిరేవాడు.

వారం గడిచింది. వీరేశం అడిగాడు. "అయిందా?"

"ఇంక కాలే. మొగమయింది. చేతులు కుదుర్తలేవు."

ఇంకొన్నాళ్ళకు అడిగితే చేతులయ్యాయి గానీ, చీర ఉతకడంతో రంగు మారిందన్నాడు. తర్వాత ఎండ ఎక్కువైందన్నాడు. తర్వాత మబ్బు పట్టిందన్నాడు. ఇంకోసారి వీరేశం వసారాలోకి వచ్చేసరికి, రాధమ్మ పాదాల కింద ఎప్పటిలాగే పీట మీద పీట పెడుతున్నాడు. "కాళ్ళు జర మీదికి పెట్టు వదినె. కింద ఉంటె నాకు కనపడ్తలేవు" అంటున్నాడు.

దీనివల్ల ఎక్కువ బాధపడ్డది వీరేశమే. రాధమ్మ చాప మీద ఉంటే వంటింట్లోకి చాలా ఏళ్ళ తర్వాత కనకమ్మ దిగింది. పప్పులో ఒకనాడు ఉప్పు ఉండేది కాదు, ఒకనాడు ఉప్పు తప్ప ఏమీ ఉండేది కాదు. వీరేశం రోజూ అలిగేవాడు.

"నీ తమ్ముని పరీక్ష, తిను" అనేది కనకమ్మ.

వానలు మొదలయ్యాయి. కాలేజీ తెరిచారని, బొమ్మలు ఇవ్వడానికి గడువు దగ్గర పడిందని హైదరాబాదు నుంచి వచ్చిన వాడెవడో చెప్పాడు.  ఒక సాయంత్రం వీరేశం తమ్ముణ్ణి దుకాణంలోకి పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"అయిదేండ్లు చదివినవ్. గడువు దాటితే అంత మట్టిల కలుస్తది. వికారాబాదోళ్ళకు నేనేం మొగం చూపించాలె? నాలుగు గీతలు తక్కువైతే ఏమైతది? ఉన్నదున్నట్టు తీస్కపోయి ఇచ్చెయ్ రా."

సోమేశ్వర్ ఎప్పుడూ నవ్వే మనిషి. ఆ రోజు నవ్వలేదు. "తొందరపడితే చెడిపోతదన్నా. పోయినసారి గట్లనే గదా చెడింది."

పోయిన ఏడాది వాడు ఏ బొమ్మ చెడగొట్టుకున్నాడో వీరేశానికి గుర్తు రాలేదు. ఎంతకూ తెమలని తమ్ముణ్ణి ఇచ్చినందుకు దేవుణ్ణి తిట్టుకొని, దుకాణం కట్టేశాడు.

ఒక తెల్లవారుజామున రాధమ్మకు నొప్పులు వచ్చాయి. నెలలు నిండిన కాన్పు. పొద్దెక్కేసరికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ఇంట్లో వేడినీళ్ళు, అమ్మలక్కలు, హడావుడి. వీరేశం అందరికీ చక్కెర పంచుతూ ఉంటే, సోమేశ్వర్ బొమ్మను పాత దుప్పటిలో చుట్టి తాడుతో కడుతున్నాడు.

"ఏంది, ఎటు పోతున్నవ్?"

"హైదరాబాద్. బొమ్మయింది."

"ఇన్ని రోజులు కానిది ఇయ్యాల పొద్దున అయిందా?"

"అయిందన్నా" అని రైలు కోసం పరుగెత్తాడు. గడువు సరిగ్గా ఆ సాయంత్రమే.

వీడు పాసు కాడని వీరేశం గట్టి నమ్మకం. కాలేజీలో ఆ ఏడాది బొమ్మలన్నీ గోడలకు పెట్టి చూపిస్తున్నారని తెలిసి, మంచి కందిపప్పు మూట ఒకటి పట్టుకొని హైదరాబాదు వెళ్ళాడు. మేష్టర్ని కలిసి నాలుగు మంచి మాటలు చెబుదామని ఆయన ఆలోచన.

పెద్ద హాలులోకి అడుగుపెట్టి ఆగిపోయాడు. ఒక గోడ మీద తాండూరు మొత్తం ఉంది. బిచ్చయ్య తన కుర్చీలో తానే కాళ్ళు చాపుకొని ఉన్నాడు. మత్తయ్య బస్తా మీద కూర్చొని తల వాల్చాడు. వికారాబాదు సత్యమ్మ రెండు చేతులతో చాయ్ గ్లాసు పట్టుకొని, ఆవిరిలోకి చూస్తూ ఉంది. అందరి మధ్య పెద్ద రంగుల బొమ్మలో రాధమ్మ. పాదాలు పీటల మీద, చేతులు ఒడిలో వదిలేసి, కళ్ళు మూసుకొని ఉంది. ఆమె ముఖం అంత నిదానంగా ఉంటుందని వీరేశానికి అంతవరకు తెలియదు.

రంగులు నేర్పే ఖాదర్ సాబ్ వెనక నుంచి పలకరించాడు. "సోమేశ్వర్ అన్న మీరేనా భాయిసాబ్? ఒక్క మాట అడుగుత, బురా అనుకోకుండ్రి. మీ తాండూర్ల ఎవరు పని చెయ్యరా? ఈ పిల్లగాని బొమ్మలల్ల ఒక్కడు నిలబడి లేడు."

వీరేశానికి ఊరి పరువు గుర్తొచ్చింది. "మా ఊరోళ్ళు పొద్దు పొడవక ముందే లేస్తరు సాబ్. వీడే అందర్ని కూసోబెడుతడు." అని, పప్పు మూట ముందుకు జరిపి గొంతు తగ్గించాడు. "మావోడు జర నెమ్మది. ఒక్కొక్క బొమ్మకు నెలలు పట్టిస్తడు. అది మనసుల పెట్టుకోకుండ పాసు చెయ్యాలె మీరు."

"నెమ్మదా? ఎవరు?"

"మా సోమేశ్వరే."

ఖాదర్ సాబ్ పగలబడి నవ్వాడు. "పాసెప్పుడో అయిండు, అందరికంటె మీద ఉన్నడు. గసొంటి చురుకు చెయ్యి ఈ కాలేజీల ఇంకోటి లేదు. చాయ్ చల్లారక ముందే మనిషిని కాయితం మీద దింపుతడు. జర ఆగి చూసి గీయమని మేమే మొత్తుకుంటం." పెద్ద బొమ్మ దగ్గరికి తీసుకువెళ్ళి చూపించాడు. "ఇది చూడుండ్రి. రంగు ఆరక ముందే రంగు పడ్డది. రెండు పూటల పని. మూడో పూట ముట్టుకోలే."

వీరేశం ఆ బొమ్మను చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. ఆయనను ఎవరూ కదలవద్దని అనలేదు.

తిరుగు రైలులో అన్నదమ్ములు ఎదురెదురుగా కూర్చున్నారు. లింగంపల్లి దాటాక వీరేశం అడిగాడు.

"ఒక బొమ్మకు ఎంతసేపు పడుతదిరా నీకు?"

"మనిషిని బట్టి అన్నా."

"వదినె బొమ్మకు?"

సోమేశ్వర్ కిటికీలోంచి బయటికి చూశాడు. "బిడ్డ పుట్టేదాక."

పోయినసారి చెడింది బొమ్మ కాదని వీరేశానికి అప్పుడు అర్థమైంది.  "నాకు చెప్పొద్దారా?"

"చెప్తె నువ్వు అమ్మతోని కొట్లాడుతవ్. అమ్మ చుట్టుపక్కలోళ్ళకు జవాబు చెప్పుకోవాలె. వదినెను అందరు సోమరిదంటరు. బొమ్మయితే గవన్ని లెవ్వు. అందరు నన్నే తిడుతరు."

"మరి బిచ్చయ్య?"

"పొద్దటి సంది నిలబడే ఉండె పాపం."

వీరేశం పోతూ పోతూ కబురు చెప్పి వెళ్ళాడు కనుక, వికారాబాదు స్టేషనులో ఇంద్రమ్మ తండ్రి ప్లాట్‌ఫారం మీద ఎదురుచూస్తున్నాడు. రైలు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తల దూర్చి "పాసేనా?" అన్నాడు. పాసేనని తెలిసి, ముహూర్తం పెట్టుకుందామన్నాడు. "మా పిల్ల ఒక్కటే పట్టు. ఆ రోజు వాళ్ళమ్మ కూసోని చాయ్ తాగంగ మొదటిసారి చూసిందట. గదేం కారణమో నాకు సమజ్ కాలే" అన్నాడు.

వీరేశానికి సమజ్ అయింది. ఒక్క పూట చూసిన పిల్లకు తెలిసింది, పుట్టినప్పటి నుంచి చూస్తున్న తనకు తెలియలేదు.

అయినా ఇంటికి చేరేసరికి ఆయనకు కొంచెం గర్వంగానే ఉంది. ఇంట్లో ఎవరికీ తెలియని రహస్యం ఒకటి తన దగ్గర ఉంది కదా. రాధమ్మ పక్కన కూర్చొని, గుసగుసగా మొదలుపెట్టాడు. "నీకొక సంగతి చెప్త. ఎవరితోని అనకు. వాడు నీ బొమ్మ రెండు పూటల్లనే వేసిండట."

"నాకెరుకే. మూడో రోజు లేచి చూసిన" అంది రాధమ్మ.

"మరి తర్వాత ఇన్ని రోజులు ఏం గీసిండు?"

"కొన్ని రోజులు దేవమ్మ తోమే గిన్నెల్ని గీసిండు. కొన్ని రోజులు పిల్లిని గీసిండు. ఎండ బాగుంటె మరిది కూడ నిద్రపోయిండు."

వీరేశం తలుపు వైపు చూసి గొంతు ఇంకా తగ్గించాడు. "అమ్మకు మాత్రం తెల్వనియ్యకు."

రాధమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అత్తమ్మకా? రోజు నా వీపెనక దిండు తెచ్చి పెట్టింది ఎవరనుకున్నరు? ఎవరన్న వచ్చి అడిగితే, మా చిన్నోని పరీక్ష అని చెప్పి పంపింది ఆమెనే."

గడప అవతల కనకమ్మ చేటలో పప్పు చెరుగుతూ ఉంది. ఇటు చూడలేదు, చెరగడం ఆపలేదు. "ఇద్దరు కొడుకుల్ని కన్న. ఒకనికి కండ్లు ఇచ్చిండు దేవుడు, ఒకనికి దుకాణం ఇచ్చిండు" అంది, ఎవరితోనో అన్నట్టు.

రాధమ్మ బిడ్డను తెచ్చి వీరేశం చేతుల్లో పెట్టింది. ఆయన తల్లికి తగిన జవాబు కోసం గట్టిగా ఆలోచించాడు. జవాబు తట్టేలోపలే బిడ్డ ఆయన హైదరాబాదు ధోవతిని తడిపేసింది.